కొత్త మందును తూచుట: మల్టిపుల్ స్క్లీరోసిస్ చికిత్స నుండి ఒక పాఠము

ఒక వ్యాధికి కొత్త మందు వచ్చినదని పత్రికలలో చదివినప్పుడు మన మనస్సులో తొలుత మెదలు ప్రశ్న ఒక్కటే: అది పనిచేయునా? ఈ ప్రశ్న సహజమైనదే గాని చాలినది కాదు. ఎంత పనిచేయును, ఎవరికి పనిచేయును, దేనితో పోల్చి చూచినప్పుడు పనిచేయును, అందుకు రోగి చెల్లింపవలసిన మూల్యమేమి అను ప్రశ్నలు దాని వెంటనే రావలెను. ఆ మూల్యము రూపాయలలోనే కాక ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయ రూపమున కూడ ఉండును. తెలుగులో త్రాసు అన్నను, ఉర్దూలో తరాజూ అన్నను పళ్ళెములు రెండే. కాని వైద్యుని త్రాసులో ఒక చిక్కున్నది. మేలు ఉంచిన పళ్ళెము ముందుగా కంటబడును. కీడు ఉంచిన పళ్ళెము ఏండ్లు గడచినగాని పూర్తిగా కంటబడదు.

ఈ సంగతిని వివరించుటకు మేము నటాలిజుమాబ్ అను మందు చరిత్రను ఎన్నుకొన్నాము. 2004లో అమెరికాలో విడుదలై, మూడు నెలలకే నిలిపివేయబడి, 2006లో తిరిగి అంగడికి వచ్చిన ఈ మందు వృత్తాంతములో వైద్యవిద్యార్థులకే కాక గణితము, సంఖ్యాశాస్త్రము చదువు మిత్రులకు కూడ నేర్చుకొనదగినది చాల ఉన్నది.

మొదట వ్యాధిని గూర్చి కొంత తెలిసికొందము. మన మెదడు నుండి, వెన్నుపాము నుండి సాగు నరములపై మైలిన్ అను కొవ్వు పదార్థముతో కూడిన తొడుగు ఉండును. విద్యుత్తు తీగపై రబ్బరు తొడుగు వంటిదని దీనిని చెప్పుట వాడుక. ఈ పోలిక పూర్తిగా సరికాదు. మైలిన్ తొడుగు సంకేతమును కాపాడుటయే కాక దాని వేగమును కూడ ఎన్నో రెట్లు పెంచును. మల్టిపుల్ స్క్లీరోసిస్ అను వ్యాధిలో శరీర రక్షణ కొరకు ఉన్న తెల్ల రక్తకణములే దారితప్పి మెదడులో ప్రవేశించి ఈ తొడుగును కొరికివేయును. దెబ్బతిన్న చోట్ల మచ్చలు గట్టిపడి నిలుచును. అట్టి మచ్చలు అనేక చోట్ల ఏర్పడుటచేతనే వ్యాధికి ఆ పేరు వచ్చినది. 1868లో పారిస్ నగరములోని సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో ఝాఁ మార్టెఁ షార్కో అను వైద్యుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించినాడు.

ఈ వ్యాధి ఎక్కువగా 20 నుండి 40 ఏండ్ల నడుమ, అనగా చదువు ముగిసి సంసారము మొదలగు వయస్సులో వచ్చును. పురుషులకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒకరికి ఒక కంటిచూపు మసకబారును. మరొకరికి కాళ్ళు తిమ్మిరెక్కి నడక తూలును. వేరొకరికి మూత్రముపై అదుపు తప్పును. అలసట మాత్రము చాలమందిని బాధించును. 100 మంది రోగులలో సుమారు 85 మందికి వ్యాధి మొదట ఆటుపోటులుగా నడుచును. కొన్ని వారములు బాధించి, తనంత తానే తెరిపి ఇచ్చి, మరల కొన్ని నెలలకో ఏండ్లకో తిరగబెట్టును. ఇట్లు తిరగబెట్టిన ప్రతిసారి కొంత శక్తి తిరిగిరాకుండ పోవచ్చును.

తనంత తానే తెరిపి ఇచ్చు వ్యాధికి మందును పరీక్షించుట ఎంత కష్టమో ఆలోచింపుడు. రోగికి జబ్బు తిరగబెట్టినప్పుడు ఏదో ఒక మందు ఇచ్చినాము. ఆరు వారములలో కుదుటపడినాడు. మందు వలననా? ఇవ్వకున్నను కుదుటపడి ఉండునేమో! ఈ కారణముచేతనే సగమందికి అసలు మందు, సగమందికి అదే రూపములోనున్న ఉత్తుత్తి మందు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చినారో రోగికి గాని వైద్యునికి గాని తెలియనీయక, చీటీలు తీసినట్లు యాదృచ్ఛికముగా విభజించి పరీక్షించు పద్ధతి ఈ వ్యాధిలో తప్పనిసరియైనది. ఈ పద్ధతిన మేలు నిరూపించి అమెరికాలో 1993లో అనుమతి పొందిన తొలి మందు ఇంటర్‌ఫెరాన్ బీటా 1బి. ఉత్తుత్తి మందు పొందినవారికి సంవత్సరమునకు సగటున 1.27 సార్లు జబ్బు తిరగబెట్టగా, ఈ మందు పొందినవారికి 0.84 సార్లు తిరగబెట్టినది. అనగా మూడింట ఒక వంతు తగ్గినది. అది గొప్ప సంగతియే. కాని మిగిలిన రెండు వంతులు మిగిలియే ఉన్నవి.

నటాలిజుమాబ్ వెనుకనున్న ఆలోచన చక్కనిది. తెల్లకణములు మెదడులోనికి పోవలెనన్న రక్తనాళపు గోడను పట్టుకొని, దానిని దాటవలెను. ఆ గోడను పట్టుకొనుటకు కణముపై ఒక కొక్కెము వంటి అణువు ఉండును. దానిని ఆల్ఫా 4 ఇంటెగ్రిన్ అందురు. ఆ కొక్కెమును ఒక ప్రతిరక్షకముతో కప్పివేసినచో కణము గోడను పట్టుకొనలేదు, లోనికి పోలేదు. 1992లో యెడ్నాక్, స్టైన్‌మన్ మొదలగు శాస్త్రజ్ఞులు జంతువులలో ఈ ఉపాయమును ప్రయోగించి, మెదడు వాపు వ్యాధిని ఆపవచ్చునని చూపినారు. పండ్రెండేండ్ల తరువాత ఆ ఉపాయమే మందుగా రూపుదాల్చినది. నాలుగు వారములకు ఒకసారి 300 మిల్లీగ్రాములు రక్తనాళము ద్వారా ఎక్కింతురు.

ఇక త్రాసులోని మొదటి పళ్ళెమును చూతము. అఫర్మ్ అను పరీక్షలో 942 మంది రోగులు పాల్గొన్నారు. 627 మందికి నటాలిజుమాబ్, 315 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చినారు. రెండేండ్ల అంతమున ఉత్తుత్తి మందు వర్గములో సంవత్సరమునకు 0.73 సార్లు, అసలు మందు వర్గములో 0.23 సార్లు జబ్బు తిరగబెట్టినది. దాదాపు మూడింట రెండు వంతులు తగ్గినదన్నమాట. వైకల్యము పెరిగి కనీసము మూడు నెలలు నిలిచినవారు ఉత్తుత్తి మందు వర్గములో నూటికి 29, అసలు మందు వర్గములో నూటికి 17.

ఇచ్చట మన విద్యార్థులు కొంచెము ఆగవలెను. ఇదే ఫలితమును రెండు విధములుగా చెప్పవచ్చును. "వైకల్యము పెరుగు ముప్పు 42 శాతము తగ్గినది" అనుట ఒక విధము. "100 మందికి రెండేండ్లు మందు ఇచ్చినచో 12 మందికి వైకల్యము పెరుగకుండ ఆగినది, 17 మందికి మందు వాడినను పెరిగినది, 71 మందికి మందు లేకున్నను పెరిగి ఉండెడిది కాదు" అనుట మరొక విధము. రెండును సత్యములే. మొదటిదానిని ప్రకటనలలో అచ్చువేయుదురు, రెండవది రోగికి పనికివచ్చును. శాతము అను మాట వినుటకు వినయముగా ఉండును గాని బేరములో ఆరితేరినది! 12 మందిని కాపాడుటకు 100 మందికి ఇచ్చినామనిన, ఒక్కరిని కాపాడుటకు ఎనిమిది తొమ్మిదిమందికి ఇచ్చినట్లు. వైద్యములో ఇది మంచి లెక్కయే. అయినను మందు వలన వచ్చు కీడును ఆ ఎనిమిది తొమ్మిదిమందియు భరింపవలెనని మరువరాదు.

మరొక సూక్ష్మము కలదు. ఈ పరీక్షలో చేరుటకు ముందు సంవత్సరములో రోగులకు సగటున ఒకటిన్నర సార్లు జబ్బు తిరగబెట్టియుండెను. చేరిన తరువాత ఉత్తుత్తి మందు పుచ్చుకొన్నవారికి కూడ అది సగమునకు తగ్గినది. ఉత్తుత్తి మందులో మహిమ ఏమియు లేదు. జబ్బు ముమ్మరముగా ఉన్నప్పుడే రోగులను పరీక్షలో చేర్చుకొందురు. ముమ్మరముగా ఉన్నది కొంత కాలమునకు సహజముగనే సగటువైపు దిగివచ్చును. పోల్చుటకు రెండవ వర్గము లేనిచో ఈ తగ్గుదల అంతయు మందు ఖాతాలో జమపడెడిది. ఉపవాసముల వలననో తైలముల వలననో తమకు ఈ వ్యాధి తగ్గినదని నిజాయితీగా చెప్పువారు అబద్ధమాడుట లేదు. వారి అనుభవములో రెండవ వర్గము లేదు, అంతే.

వైకల్యమును కొలుచు కొలబద్దను గూర్చియు ఒక మాట. జాన్ కర్ట్‌జ్కీ అను అమెరికా వైద్యుడు 1983లో ప్రకటించిన పట్టికను నేటికిని వాడుచున్నారు. అందు సున్న అనగా లోపము లేదు, 10 అనగా మరణము. 6వ మెట్టున 100 మీటర్లు నడుచుటకు చేతికర్ర కావలెను. ఈ మెట్ల ఎత్తులు సమానములు కావు. 1 నుండి 2కు పోవుట రోగికి తెలియకనే జరుగవచ్చును. 6 నుండి 7కు పోవుట అనగా చేతికర్ర నుండి చక్రముల కుర్చీకి పోవుట. పైగా ఈ పట్టిక నడకకు ఇచ్చిన ప్రాధాన్యము అలసటకు గాని జ్ఞాపకశక్తికి గాని ఈయలేదు. నడక బాగుగా ఉండి, మధ్యాహ్నమునకు పుస్తకము పట్టుకొనలేని ఉపాధ్యాయురాలి బాధ ఈ కొలబద్దకు అందదు.

పరీక్షలు ఇంకను సాగుచుండగనే, మొదటి సంవత్సరపు ఫలితములను బట్టి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2004 నవంబరు 23న నటాలిజుమాబునకు త్వరిత అనుమతి ఇచ్చినది. బయోజెన్, ఎలాన్ సంస్థలు దానిని టైసాబ్రి అను పేర విడుదల చేసినవి. 2005 ఫిబ్రవరి 28న అమ్మకము నిలిపివేయబడినది. నటాలిజుమాబును ఇంటర్‌ఫెరానుతో కలిపి ఇచ్చిన మరొక పరీక్షలో ఇద్దరు రోగులకు పి.ఎం.ఎల్. అను అరుదైన మెదడు వ్యాధి వచ్చి, అందొకరు మరణించినారు. క్రోన్స్ అను ప్రేగు వ్యాధికి ఇదే మందు వాడి మరణించిన మూడవ రోగికి కూడ పి.ఎం.ఎల్. వచ్చెనని పాత నమూనాలను తిరిగి చూడగా తేలినది.

పి.ఎం.ఎల్.కు కారణము జె.సి. వైరస్. పెద్దవారిలో సగమునకు పైగా దీనిని తమకు తెలియకనే శరీరములో మోయుచుందురు. సాధారణముగా అది నిద్రించుచుండును. తెల్లకణములు మెదడులో గస్తీ తిరుగుచున్నంత కాలము అది తలయెత్తదు. నటాలిజుమాబ్ ఆ గస్తీవారినే గుమ్మము వద్ద ఆపివేసినది! ఇంటిలో దొమ్మీ చేయు కాపలావారిని బయట నిలిపినందుకు ఇంటిలో శాంతి కలిగినది. అదే అదనుగా లోనున్న దొంగ లేచినాడు. ఆ వైరస్ నాశము చేయునది కూడ మైలిన్ తొడుగును తయారుచేయు కణములనే యగుట మరింత విషాదకరము. మేలును కీడును వేర్వేరు గుణముల నుండి పుట్టినవి కావు. ఒకే గుణము రెండు పళ్ళెములలోను కూర్చున్నది.

మరి ఇంత ముప్పు 942 మంది పరీక్షలో ఎందుకు బయటపడలేదు? గణిత విద్యార్థులు ఈ లెక్క వేసి చూడవచ్చును. వేయిమందిలో ఒకరికి వచ్చు ముప్పు ఉన్నదనుకొందము. 627 మందిలో ఒక్కరికిని రాకపోవుటకు సంభావ్యత 0.999ను 627 సార్లు గుణించినచో వచ్చును. అది సుమారు 0.53. అనగా ముప్పు నిజముగనే ఉన్నను, అంత పరీక్ష చేసియు సగమునకు మించిన పర్యాయములు మనకు ఏమియు కనబడదు. సంఖ్యాశాస్త్రజ్ఞులు చేతివాటుగా వాడు సూత్రము ఒకటి కలదు. ఎంతమందిలో ఒక్కరికిని కీడు కనబడలేదో ఆ సంఖ్యతో 3ను భాగింపవలెను. అసలు ముప్పు అంతవరకు ఉండవచ్చునని గ్రహింపవలెను. 627తో భాగించినచో 209 మందికి ఒకరు. "పరీక్షలో ఏ ప్రమాదమును కనబడలేదు" అను వాక్యమునకు నిజమైన అర్థము "ప్రమాదము 209 మందికి ఒకరికంటె ఎక్కువ కాకపోవచ్చును" అని మాత్రమే. ఈ సూత్రమును వార్తలు వ్రాయువారు కంఠస్థము చేసిన బాగుండునని మా అభిప్రాయము.

సంఖ్య ఒక్కటియే కాదు, కాలము కూడ చాలలేదు. పి.ఎం.ఎల్. ముప్పు మందు వాడిన మొదటి సంవత్సరములో స్వల్పము. రెండేండ్లు దాటిన తరువాత పెరుగును. జీవితాంతము ఉండు వ్యాధికి ఇచ్చు మందును ఒక సంవత్సరపు ఫలితములతో తూచినప్పుడు, కీడు ఉంచిన పళ్ళెము ఇంకను నిండక మునుపే ముల్లును చదివినట్లైనది.

అమ్మకము ఆపిన పిదప, పరీక్షలలో ఈ మందు పుచ్చుకొన్న 3,000 మందికి పైగా రోగులను ఒక్కొక్కరిగా పిలిచి మెదడు చిత్రములు తీసి చూచినారు. కొత్తగా ఎవరికిని పి.ఎం.ఎల్. కనబడలేదు. సగటున 18 నెలలు వాడినవారిలో ముప్పు సుమారు వేయికి ఒకటి అని 2006లో ప్రకటించినారు. ఆ సంవత్సరము మార్చిలో నియంత్రణ సంస్థ సలహాసంఘము బహిరంగముగా సమావేశమైనది. రోగులు, వారి బంధువులు వచ్చి మాట్లాడినారు. మందు తమకు తిరిగి కావలెనని, వేయికి ఒకటియను ముప్పును తెలిసియే స్వీకరింతుమని పలువురు కోరినారు. కాలు చచ్చుబడుచున్న 30 ఏండ్ల వ్యక్తికి, అదే అంకెను కాగితముపై చదువు ఆరోగ్యవంతునకు బరువు ఒకే విధముగా తోచదు. నిరాశలో ఉన్నవాడు ఏ ముప్పుకైనను ఒప్పుకొనునని ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణలో కొంత బలమున్నది. అయినను ముప్పును దాచి ఒప్పించుట వేరు, విప్పి చెప్పి అడుగుట వేరు. సంఘము మందును తిరిగి అనుమతింపవలెనని ఏకగ్రీవముగా సలహా ఇచ్చినది. 2006 జూనులో మందు తిరిగివచ్చినది. ఈసారి వ్రాసిచ్చు వైద్యుడు, అమ్ము దుకాణము, ఎక్కించు కేంద్రము, పుచ్చుకొను రోగి అందరును పేర్లు నమోదు చేసికొనవలెనని నిబంధన పెట్టినారు.

ఆ నమోదుల వలననే అసలు పాఠము బయటపడినది. 2012 ఫిబ్రవరి చివరి నాటికి ప్రపంచములో 99,571 మంది ఈ మందు వాడియుండగా 212 మందికి పి.ఎం.ఎల్. వచ్చినది, అనగా వేయికి 2.1. వారిలో 46 మంది మరణించినారు. అయితే ఈ 2.1 అను అంకె ఏ ఒక్క రోగికిని చెందినది కాదు. రక్తములో జె.సి. వైరస్‌కు ప్రతిరక్షకములు లేనివారిలో ముప్పు వేయికి 0.09 లేక అంతకు తక్కువ, అనగా సుమారు 11,000 మందికి ఒకరు. ప్రతిరక్షకములు ఉండి, పూర్వము రక్షణశక్తిని తగ్గించు ఇతర మందులు వాడియుండి, నటాలిజుమాబును రెండేండ్లకు పైగా వాడినవారిలో వేయికి 11.1, అనగా 90 మందికి ఒకరు. మందు ఒకటే, మోతాదు ఒకటే. ముప్పులో నూరు రెట్లకు మించిన తేడా! వేయికి ఒకటి అని 2006లో అందరికి కలిపి చెప్పిన మాట సగటుగా సత్యమే గాని, మొదటి రోగిని అనవసరముగా భయపెట్టినది, రెండవవానిని చాలినంత హెచ్చరింపలేదు.

ఈ తూకము ఒకసారితో ముగియదు. ప్రతిరక్షకములు లేనివానికి తరువాత రావచ్చును గనుక ఆరు నెలలకొకసారి రక్తపరీక్ష చేయుదురు. పరీక్షాఫలితము మారినచో మందు ఆపుట సులభమని తోచును. కాని ఆపిన కొన్ని నెలలకు కొందరికి జబ్బు ముందుకంటె ఉద్ధృతముగా తిరగబెట్టును. ఆపుటకును ఒక మూల్యమున్నదన్నమాట. అందుచేత ఆపి ఊరకుండక మరొక మందునకు త్వరగా మార్చుట వాడుకైనది. నాలుగు వారములకు బదులు ఆరు వారములకొకసారి ఎక్కించినచో పి.ఎం.ఎల్. చాల తక్కువగా కనబడినదని ఇటీవలి లెక్కలు చెప్పుచున్నవి.

ప్రక్కన ఏ ఇతర మందులు ఉన్నవి అనుదానిని బట్టియు ముల్లు కదలును. డాక్లిజుమాబ్ అను మందు 2016లో అనుమతి పొంది, కొందరు రోగులకు తీవ్రమైన మెదడు వాపు కలిగినందున 2018 మార్చిలో లోకమంతట ఉపసంహరింపబడినది. నటాలిజుమాబువలె అది తిరిగిరాలేదు. 2018 నాటికి మాత్రలుగా, సూదిమందులుగా దాదాపు పన్నెండు మందులు అంగడిలో ఉండుట ఇందుకు ఒక కారణమని మేము తలచుచున్నాము. 2006 నాటి రోగికి అన్ని దారులు లేవు.

ఇక మన దేశమునకు వత్తము. ఈ వ్యాధి భారతదేశములో బహు అరుదని ఒకప్పుడు భావించెడివారు. ఎం.ఆర్.ఐ. యంత్రములు వ్యాపించిన కొలది ఎక్కువమందిలో కనబడుచున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో పేర్కొన్న 21 వైకల్యములలో మల్టిపుల్ స్క్లీరోసిస్ కూడ చేరినది. కాని పైన చెప్పిన మందుల ధర మధ్యతరగతి కుటుంబమునకు కూడ అందనిది. ధర వలన మధ్యలో మానివేయవలసిన మందు, కాగితముపై ఎంత మేలైనదైనను, ఆ ఇంట మేలైనది కాదు.

ఈ సందర్భమున రిటుక్సిమాబ్ కథ మన హైదరాబాదును తాకుచు పోవును. ఇది 1997లో రక్తసంబంధమైన కాన్సరుకు అమెరికాలో అనుమతి పొందిన మందు. 2008లో 104 మంది మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగులపై చేసిన చిన్న పరీక్షలో మంచి ఫలితము చూపినది. అయినను తిరగబెట్టు రకపు వ్యాధిపై పెద్ద పరీక్ష జరిపించుటకు ఉత్పత్తిదారులు పూనుకొనలేదు. అదే లక్ష్యముపై పనిచేయు ఓక్రెలిజుమాబ్ అను కొత్త మందును అభివృద్ధి చేయగా, అది 2017లో అనుమతి పొందినది. పాత మందును తూచు పని స్వీడన్ దేశపు వైద్యులపై పడినది. వారు 2022లో ప్రకటించిన పరీక్షలో రెండేండ్లలో జబ్బు తిరగబెట్టినవారు డైమిథైల్ ఫ్యూమరేట్ వర్గములో నూటికి 16 కాగా, రిటుక్సిమాబ్ వర్గములో నూటికి 3 మాత్రమే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యవసర ఔషధముల పట్టికలో ఈ వ్యాధికి మొదటిసారిగా చేర్చిన మూడు మందులలో రిటుక్సిమాబ్ ఒకటి. దాని సమరూప ఔషధమును హైదరాబాదునకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే మన దేశములో విడుదల చేసియుండెను. మూల ఔషధముకంటె తక్కువ ధరకు దొరకుటచేత మన నరముల వైద్యులు అనేకులు దీనిని వ్రాయుచున్నారు.

ఇందును రెండవ పళ్ళెము ఖాళీగా లేదు. మందు ఎక్కించునప్పుడు చలిజ్వరము, దద్దుర్లు రావచ్చును. ఏండ్ల తరబడి వాడినచో అంటువ్యాధులు తరచు కావచ్చును. కాలేయములో అణగియున్న హెపటైటిస్ బి మరల విజృంభింపవచ్చును. క్షయ, హెపటైటిస్ బి మన దేశములో స్వీడన్‌కంటె చాల ఎక్కువ గనుక, అచ్చటి పరీక్షలోని 3 అను అంకెను మాత్రమే దిగుమతి చేసికొని, ఇచ్చటి ముప్పును లెక్కింపకుండుట తగదు. అందువలన మొదటి సీసా ఎక్కించుటకు ముందే హెపటైటిస్ బి రక్తపరీక్ష, క్షయ పరీక్ష చేయించి, వేయవలసిన టీకాలు కొన్ని వారములు ముందుగా వేయుదురు.